టోకెన్ వచ్చింది, మనిషి రాలేదు

“పాస్‌పోర్టు ఎందుకిచ్చిండు?”

జంపక్క ఈ మాట అడగడం ఇది మూడోసారి. ఎదురుగా కూర్చున్న కళ్యాణి మూడోసారి కూడా అదే జవాబిచ్చింది.

“అడిగిన్రక్కా, ఇచ్చిండు.”

“అడిగితే ఇచ్చుడేంది? రేపు నేనడిగితే మెడల పుస్తెలు తీసిస్తవా?”

కళ్యాణి ఇడ్లీ ముక్కను చట్నీలో అటూ ఇటూ తిప్పింది తప్ప నోట్లో పెట్టుకోలేదు. భద్రాచలం బస్టాండు పక్కనున్న ఆ హోటల్లో టిఫిన్ల వేళ దాటిపోయింది. సర్వరు బల్లలు తుడుస్తూ, ఇక లేస్తారేమోనని వీళ్ల వైపు రెండుసార్లు చూశాడు. జంపక్క ఇంకో రెండు చాయలు చెప్పి అతని చూపు తిప్పించింది.

జంపక్క పదేళ్లు ఒక ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిములు తవ్విపెట్టిన మనిషి. లేని గొడ్లు చచ్చిపోయాయని, ఖాళీ గోదాములు కాలిపోయాయని ఏడ్చేవాళ్లను ఎంతమందిని చూసిందో ఆమెకే గుర్తులేదు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి కొత్తగూడెంలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. కోయవాళ్లింటి ఆడపిల్ల, అందులోనూ బొగ్గు బాయి కార్మికుడి కూతురు, డిటెక్టివేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. ఇప్పుడు పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు వాళ్లే ఆమె గుమ్మం తొక్కుతున్నారు. ఆమెకున్న జబ్బు ఒక్కటే. ఏదైనా అర్థం కాకపోతే అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఎదుటివాళ్లను కూడా పట్టనివ్వదు.

ఇప్పుడు ఆమెకు అర్థం కాని మనిషి కోటేష్, కళ్యాణి భర్త. ఇల్లందు దగ్గర బొగ్గు బాయిలో పని. కాలనీలోని మరికొన్ని జంటలతో కలిసి, భద్రాచలంలో ఆఫీసున్న ఒక టూరు కంపెనీ ద్వారా సముద్రం నడుమ ఒక దీవికి విహారానికి వెళ్లారు. ఆ దీవి పేరు కళ్యాణికి నోరు తిరగదు. కొబ్బరిచెట్ల దేశం అంటుంది. వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చారు. కోటేష్ ఒక్కడే రాలేదు.

జరిగింది వినడానికి చాలా మామూలుగానే ఉంది. టూరు గైడు బలరాం వీళ్లందరినీ సముద్రం ఒడ్డున ఒక కొట్టుకు తీసుకుపోయి స్కూటర్లు కిరాయికి ఇప్పించాడు. పూచీగా బండి నడిపేవాళ్ల పాస్‌పోర్టులు అక్కడ పెట్టాలన్నారు, పెట్టారు. సాయంత్రం బళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు కొట్టువాడు ప్రతి బండినీ పడుకోబెట్టి, అడుగున గీతలు చూపించి, కొత్త బండి ఖరీదంత దండుగ అడిగాడు. కట్టకపోతే పాస్‌పోర్టు లేదన్నాడు. పరాయి దేశం, రాని భాష, రేపు విమానం. అందరూ ఉన్నదంతా ఊడ్చి కట్టేశారు.

కట్టినవాళ్లెవరూ ఊళ్లో ఆ సంగతి ఎత్తడం లేదు. నల్లద్దాలు పెట్టుకుని సముద్రంలో దిగిన ఫొటోలు కాలనీ అంతటికీ పంపుకున్నాక, మోసపోయామని ఏ నోటితో చెప్తారు. తేలు కుట్టిన దొంగల్లా ఎవరింట్లో వాళ్లు కూర్చున్నారు. జంపక్క నిన్న నాలుగు తలుపులు కొడితే నాలుగు ఇళ్లలోనూ కొబ్బరినీళ్ల రుచి గురించే చెప్పారు.

కోటేష్ ఒక్కడూ కట్టనన్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బాయిలో దిగే ముందు పైకప్పు తట్టి చూసుకోవడం అలవాటైన మనిషి, బండి ఎక్కే ముందు కూడా చుట్టూ తిరిగి అడుగు దాకా ఫోన్లో వీడియో తీసుకున్నాడు. ఆ గీతలు అప్పటికే ఉన్నాయి. పోలీసుల దగ్గరికి పోదాం పదమన్నాడు. అప్పుడు గైడు బలరాం మధ్యలో దూరి, కళ్యాణిని మందితో పాటు విమానం ఎక్కించాడు. రెండు రోజుల్లో కోటేష్‌ను నేనే పంపిస్తానన్నాడు.

“రెండ్రోజులు మాట్లాడిండక్కా. పాస్‌పోర్టు ఇంక ఇయ్యలే, నేను ఇడ్వ అన్నడు. మూడోనాడు నుంచి ఫోను బంద్. బాయిల నాగాలు పడ్తున్నయి. తండల మా అత్త, నువ్వే ఏదో అన్నవు, అందుకే నా కొడుకు రాలే అంటున్నది.” కళ్యాణి ఇడ్లీ ప్లేటు పక్కకు నెట్టింది. “ఎవరేమన్న అననీయక్కా. నాకు మనిషి కావాలె.”

జంపక్కకు జాలి వేసింది. అయితే జాలి పడుతూ కూర్చుంటే కోటేష్ రాడు. “అన్నిట్ల గంత హుషారున్నోడు, బండి అడుగు గూడ చూసినోడు, పాస్‌పోర్టు మాత్రం ఎట్లిచ్చిండు? పరాయి దేశంల గది చేతుల లేకుంటే మనిషి లేనట్టే. జిరాక్సు ఇయ్యాలె, లేకుంటే బండే వద్దనాలె. గైడు చూపించిన కొట్టుకైతే అసలే పోవద్దు. గదే నాకు సమజైతలేదు.”

కళ్యాణి చట్నీ వేలు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది, చాలా చిన్న విషయం చెప్తున్నట్టు.

“ల్యాంప్ రూమ్ల బిళ్ళ ఇచ్చినట్టు ఇచ్చిండక్కా.”

జంపక్క చేతిలోని చాయ గ్లాసు బల్ల మీద పెట్టింది.

బాయి కూతురికి ఇంక విడమర్చి చెప్పక్కర్లేదు. భూగర్భ గనిలో దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి టోకెన్ ఉంటుంది. దిగేముందు దాన్ని ల్యాంప్ రూమ్ కిటికీలో ఇస్తే, లోపలివాళ్లు బోర్డు మీద కొక్కేనికి తగిలించి, తలకు పెట్టుకునే దీపం ఇస్తారు. పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. షిఫ్టు దిగాక బోర్డు మీద ఏ టోకెనైనా మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వాడు దొరికేదాకా ఒక్కడూ ఇంటికి పోడు. ఏళ్ల తరబడి రోజూ కిటికీలో తన నంబరు పెట్టి వస్తువు తీసుకునే చెయ్యి, ఇంకో కిటికీ కనపడగానే అలవాటుగా ముందుకు చాపింది. మిగతా లోకంలో ఎవరైనా ఒక్క క్షణం తటపటాయిస్తారు. బాయివాడికి అది పూచీ కాదు, ప్రాణానికి కాపలా.

“గైడు గూడ గదే అన్నడు,” అంది కళ్యాణి. “మన ల్యాంప్ రూమ్ లెక్కనే ఉంటది, భయపడకుండ్రి అన్నడు. ఆడ బోర్డున్నది, కొక్కేలున్నయి. మా ఆయన నవ్వి, తియ్యవే, మనోళ్లకు చూపిద్దాం అంటే నేను వీడియో తీసిన.”

“ఏదీ, నాకు పంపు.”

కళ్యాణి ఫోను గోడ దగ్గర ప్లగ్గులో చార్జింగుకు పెట్టి ఉంది. చార్జరు తీగ మొదట్లో పసుపురంగు టేపు చుట్టి, దాని మీద నల్ల పెన్నుతో నాలుగు వందల పదిహేడు అని రాసి ఉంది.

“గిదేంది?”

“మా ఆయన బాయి నంబరు. ఇంట్ల అన్నిటికీ గట్లనే చుడ్తడు. రెస్టు హాల్ల చార్జర్లు కలిసిపోతయట. ఆయనతోని ఉన్నదానికి గూడ గిట్లనే ఉంటది.”

వీడియో నిమిషం కూడా లేదు. కిటికీలోంచి ఒక చెయ్యి వస్తుంది. ఇవతలి నుంచి కోటేష్ కుడిచెయ్యి పాస్‌పోర్టు అందిస్తుంది. ఆ చేతి మీద, బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా, నీలిరంగు గీత. గాయంలో బొగ్గుపొడి చేరి మానితే అది పచ్చబొట్టులా ఉండిపోతుంది, చచ్చేదాకా పోదు. లోపలి మనిషి ఆ పాస్‌పోర్టును కొక్కేనికి తగిలించలేదు. వెనక కుర్చీలో కూర్చున్న ఒక గడ్డపాయనకు ఇచ్చాడు. గడ్డపాయన దాన్ని తెరిచి, ఫొటో చూసి, తలెత్తి కోటేష్ ముఖం చూసి, మళ్లీ ఫొటో చూశాడు. అక్కడ వీడియో అయిపోయింది.

పూచీ కింద పెట్టుకునేవాడికి ముఖంతో పనేమిటి? జంపక్క అది ఆలోచిస్తుండగానే ఆమె ఫోను మోగింది. తెర మీద పేరు చూసి మూతి ముడుచుకుంది.

నాగరాజు ఖమ్మంలో పేరున్న డిటెక్టివ్. కనీసం అతని ఫ్లెక్సీ బోర్డు అలా చెప్తుంది. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మధిర వైపువాడు. మీసానికి వేసే రంగు జుట్టుకు కూడా వేస్తే బాగుండేదని జంపక్క అభిప్రాయం. కళ్యాణి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాక టూరు కంపెనీ ఓనరు తన పరువు కాపాడమని అతన్ని పెట్టుకున్నాడు.

“మేడం, నమస్తే. మీ కేసు క్లోజ్ అయిపోయింది, తెలుసా?” జంపక్క పేరు పలకాలంటే చివర అక్క అనక తప్పదు. అందుకని నాగరాజు ఎప్పుడూ మేడంతో సరిపెడతాడు. “మీ కోటేష్ ఇండియాకు వచ్చేశాడు. నిన్న ఇక్కడే, భద్రాచలం లాడ్జిలో, నేను స్వయంగా మాట్లాడాను. భార్య దగ్గరికి పోనన్నాడు. కావాలంటే వచ్చి చూసుకోండి, రూమ్ నంబరు ఆరు.”

జంపక్క ఫోను చెవికి గట్టిగా అదుముకుంది, కళ్యాణికి వినపడకుండా. నిజంగానే మొగుడు వచ్చి, ఇంటికి రానంటే ఆ మాట ఈ పిల్ల లాడ్జి వరండాలో నిలబడి వినకూడదనిపించింది. “నువ్వు బస్టాండ్లనే కూసో. చిన్న పనున్నది, జల్దీ వస్త,” అని లేచింది.

*

లాడ్జి మేనేజరు సమ్మయ్య తాళాలగుత్తి పట్టుకుని ముందు నడిచాడు. “పొద్దుగాలనే ఖాళీ చేసి పోయిండు మేడం. ఇంక ఊడ్వలే.”

“ఊడ్వకపోవుడే మంచిదైంది,” అంది జంపక్క.

ఆరో నంబరు గదిలో నాగరాజు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, ఇల్లు తనదే అన్నట్టు. “రండి మేడం. మనిషి లేడు గాని మాట ఉంది. ఎయిర్‌పోర్టులో నా శిష్యుడొకడున్నాడు. కోటేష్ పాస్‌పోర్టు మీద మనిషి శంషాబాద్‌లో దిగినట్టు రికార్డుంది. అంటే అతను ఆ దీవి నుంచి బయటికొచ్చాడు, ఇండియాలోకి వచ్చాడు. కిడ్నాపూ లేదు, మోసమూ లేదు. మొగుడూ పెళ్లాల గొడవ.”

“వాన్ని కలువుమని నీకు అడ్రసు ఎవరిచ్చిన్రు?”

“మా క్లయింటు. ఆయనే వెతికించారు.”

“ఇన్ని రోజులు దొరకనోడు, నిన్ను పెట్టుకోంగనే దొరికిండన్నట్టు.”

“నా చెయ్యి అలాంటిది,” అన్నాడు నాగరాజు మీసం దువ్వుకుంటూ.

జంపక్క గది చూడటం మొదలుపెట్టింది. దుప్పటి నలిగింది ఒక పక్కనే. కిటికీ చెక్క మీద సిగరెట్ పీకలు, కాలిన అగ్గిపుల్లలు. కిటికీ తెరిస్తే ఎదురు సందు చివర టూరు కంపెనీ బోర్డు సగం కనిపిస్తోంది. కుర్చీ కిటికీకి దగ్గరగా జరిపిన గుర్తు నేల మీద ఉంది. ఇక్కడ ఉన్నవాడు పడుకున్నదానికంటే ఆ బోర్డు వైపు చూస్తూ కూర్చున్నదే ఎక్కువ.

“కోటేష్‌కు సిగరెట్ అలవాటు లేదు. బాయిలకు అగ్గిపెట్టె పోదు. అందుకే బాయోళ్లు తంబాకు నములుతరు.”

“సెలవు మీద ఉన్నవాడు ఒక సిగరెట్ కాలిస్తే నేరమా మేడం? దేశాలు తిరిగొచ్చాడు. నేర్చుకున్నాడేమో.”

ఆ మాటను జంపక్క లోపల ఒప్పుకుంది గాని పైకి ఒప్పుకోలేదు. “సరే. మనిషి ఎట్లున్నడు?”

“గడ్డం పెంచాడు. జ్వరమని మాస్కు పెట్టుకున్నాడు. నేను అంత అమాయకుణ్ని కాదు, తీయించాను. పాస్‌పోర్టు ఫొటోతో పోల్చి చూశాను.”

“పాస్‌పోర్టు ఫొటోల కన్నతల్లి గూడ గుర్తువట్టదు. నాదైతే దొంగ లెక్క ఉంటది.”

“అది ఫొటో తప్పు కాకపోవచ్చు.”

సమ్మయ్య నవ్వబోయి, జంపక్క ముఖం చూసి దగ్గు తెచ్చుకున్నాడు. నాగరాజు ఆ ఊపులో జేబులోంచి ఫోను తీశాడు. “ఇదిగో సాక్ష్యం. నా ఎదుటే పాస్‌పోర్టు పట్టుకుని దిగిన ఫొటో. మాస్కు మళ్లీ పెట్టేసుకున్నాడు, జ్వరం కదా. కాని పాస్‌పోర్టు మీద పేరు చదువుకోండి.”

జంపక్క పేరు చదవలేదు. పాస్‌పోర్టు పట్టుకున్న చెయ్యి చూసింది. కుడిచెయ్యి. వేళ్లు, గోళ్లు, మణికట్టు, అంతా శుభ్రంగా ఉంది.

“కుడిచెయ్యేనా?”

“కుడిచెయ్యే.”

“అద్దంల లెక్క తిరగేసి తీసినవా?”

“మేడం, పాస్‌పోర్టు మీద అక్షరాలు తిన్నగానే ఉన్నాయి కదా.”

జంపక్కకు సంతోషం ఆగలేదు. ఇన్ని రోజులుగా ఈ మనిషి ఫ్లెక్సీ నవ్వు చూసి చూసి విసిగిపోయి ఉంది. తన ఫోను తీసి, కళ్యాణి పంపిన వీడియో పెట్టి, కోటేష్ చెయ్యి కిటికీలోకి వెళ్లే చోట ఆపి, అతని ముక్కు కిందికి తోసింది. “నీలం గీత కనబడ్తున్నదా? బొగ్గు పొడి చేరి మానిన గాయం. సబ్బుతోని పోదు, తోలు వలిస్తే తప్ప పోదు. పెండ్లాం తీసిన వీడియో ఇది, ఆమె ఫోన్ల ఉన్నది. నువ్వు నిన్న కలిసినోని చేతి మీద గీత ఏది నాగరాజన్నా?”

నాగరాజు తెర మీదికి వంగాడు. తన ఫొటో చూశాడు, మళ్లీ వీడియో చూశాడు. మీసం కింద పెదవి కొంచెం వేలాడింది. “వెలుతురు సరిగ్గా లేదేమో,” అన్నాడు, అన్న మాట తనకే నచ్చనట్టు. ఫోను తీసుకుని లేచాడు. “ఒక్క నిమిషం. ఇక్కడ సిగ్నల్ లేదు.” వరండాలోకి పోయాడు.

జంపక్క అతని వీపు చూసి నవ్వుకుని, మంచం వెనక్కి వంగింది. సమ్మయ్య సాయం పట్టి మంచం జరిపాడు. గోడకు, మంచానికి మధ్య ప్లగ్గు ఉంది. అందులో ఒక చార్జరు వేలాడుతోంది, తొందరలో వెళ్లేవాళ్లు మర్చిపోయే వస్తువుల్లో మొదటిది. తీగ మొదట్లో పసుపు టేపు. టేపు మీద నాలుగు వందల పదిహేడు.

ఆమె నవ్వు పోయింది.

“సమ్మయ్యా, గీ రూముల ఉన్నోడు ఒక్కడేనా? ఇంకో మనిషి లేడు గద?”

“ఒక్కడే మేడం. నా కండ్ల ముందల వచ్చిండు, ఒక్కడే పోయిండు. రెండు ఫోన్లు ఉంటుండె. ఒకటి ఎప్పుడు చూసినా బందే.”

బందయిన ఫోనుకు చార్జరు ఎందుకు పెట్టాడు? ఎప్పుడో ఒకప్పుడు తెరవాల్సి వస్తుందని. కోటేష్ చార్జరు, కోటేష్ ఫోను, కోటేష్ పాస్‌పోర్టు. మూడూ సముద్రం దాటి వచ్చాయి. జంపక్క మంచం మీద కూర్చుండిపోయింది.

నాగరాజు తిరిగొచ్చాడు. ఈసారి అతని నడకలో ఇందాకటి దర్జా లేదు. “మేడం, ఇంకోసారి చూపించండి అది. మొత్తం.”

ఆమె వీడియో మొదటి నుంచి పెట్టింది. కిటికీ, చెయ్యి, పాస్‌పోర్టు, కొక్కేల బోర్డు. వెనక కుర్చీలోని గడ్డపాయన ఫొటో చూసి తలెత్తగానే నాగరాజు వేలు తెరకు తగిలింది, బొమ్మ ఆగిపోయింది.

“ఇతనే,” అన్నాడు.

“ఎవరు?”

“నిన్న నేను మాట్లాడింది ఇతనితోనే. ఈ కుర్చీలోనే కూర్చున్నాడు.” అతను మీసం తడుముకున్నాడు. “ముప్పయ్యేళ్లు ఖాకీ వేసుకున్నాను మేడం. నా ఎదుట కూర్చుని నేనే కోటేష్ అన్నాడు. నేను సరే అన్నాను.”

ఇంకో రోజైతే జంపక్క ఆ మాటను ఏడాది పాటు నంజుకునేది. ఇప్పుడు ఆమె మనసు అక్కడ లేదు. కొట్టు, స్కూటరు, అడుగున గీతలు, దండుగ. అందరూ దాన్నే మోసం అనుకున్నారు. దండుగ కట్టినవాళ్లు బయటపడ్డారు. గడ్డపాయన మాత్రం ఆ కుర్చీలో దండుగ కోసం కూర్చోలేదు. తన ముఖానికి సరిపోయే ముఖం కోసం కూర్చున్నాడు. సొంత పేరు మీద ఇండియాలో అడుగుపెట్టలేని మనిషెవడో, ఇక్కడి నుంచి గైడు తీసుకొచ్చే మందలో తనలాంటివాడు ఎప్పుడు వస్తాడా అని చూశాడు.

“నాగరాజన్నా, బాయిల ఒక భయం ఉంటది,” అంది నెమ్మదిగా. “పై కప్పు కూలుతదని కాదు. మా నాయిన చెప్తుండె. ఎవడన్న పొరపాటున పక్కోని టోకెన్ తీసుకొని ఇంటికి పోతే ఏమైతది?”

“ఏమవుతుంది?”

“బోర్డు ఖాళీ అయితది. అందరు పైకొచ్చిన్రని రాస్కుంటరు. లోపట మిగిలినోన్ని ఎవ్వలు వెతకరు. వాడు చీకట్ల కూసొని, ఇగ వస్తరు, ఇగ వస్తరు అని చూస్తుంటడు.”

నాగరాజు ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఇది అతనికి అర్థం కావడానికి బాయిలో దిగాల్సిన పనిలేదు.

“మనం రేపు ఎంబసీకి పోతే ఏమంటరు? మీ కోటేష్ ఆ దేశం విడిచి పోయిండమ్మా, హైదరాబాదుల దిగిండు, రికార్డున్నది అంటరు. ఆ దీవి పోలీసులు గదే అంటరు. ఖమ్మంల పెద్ద డిటెక్టివ్ గూడ కలిసి మాట్లాడిండు, ఫొటో ఉన్నది. లెక్క ప్రకారం కోటేష్ ఇంటికొచ్చిండు. మనిషి మాత్రం ఆడ ఉన్నడు. ఉన్నడో లేడో.”

చివరి రెండు మాటలూ ఆమె అనాలనుకుని అన్నవి కావు. బస్టాండులో కూర్చున్న ఆ పిల్లకు ఇది ఎలా చెప్పాలో తెలియలేదు.

“మేడం,” అన్నాడు నాగరాజు. “ఇందాక నేను వరండాలోకి పోయింది మా క్లయింటుకు ఫోన్ చేయడానికి. ఆయన చూపించిన మనిషి చేతికి మచ్చ లేదేంటి, అసలు కోటేష్‌కు ఉందంటున్నారని గట్టిగా అడిగాను. ఎవరన్నారు అన్నాడు. భార్య ఫోన్లో వీడియో ఉందని చెప్పాను.”

“ఏమన్నడు?”

“ఆ ఆవిడ ఇప్పుడెక్కడుందని అడిగాడు. బస్టాండులో ఉండొచ్చన్నాను. మీరు అటు నుంచి నడిచి రావడం చూశాను కదా.”

నాగరాజును తిట్టడానికి జంపక్కకు నోరు లేదు. అతని ముక్కు కిందికి ఫోను తోసి, పెండ్లాం ఫోన్ల ఉన్నదని గొప్పగా చెప్పింది తనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని వాళ్లమ్మ ఊరికే అనేది కాదు. ఆమె చేతులు అప్పటికే కళ్యాణి నంబరు వెతుకుతున్నాయి. నొక్కకముందే ఫోను మోగింది. కళ్యాణే.

“అక్కా,” అంది కళ్యాణి. పొద్దుటి గొంతు కాదది. నవ్వుతోంది, ఏడుస్తోంది, రొప్పుతోంది. “అక్కా, ఆయనొచ్చిండు. మెసేజ్ పెట్టిండు, ఆయన నంబరు నుంచే. భద్రాచలంలనే ఉన్నడట.”

“యాడున్నవు నువ్వు?”

“కరకట్ట మీద. గోదారి దిక్కు రమ్మన్నడు. ఒక్కదాన్నే రమ్మన్నడు. ఎవరికీ చెప్పకు అన్నడు గాని నీకు చెప్పకుంటే నా పాణం ఊకుంటదా అక్కా.”

జంపక్క మెట్ల వైపు పరుగు తీస్తూనే గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నించింది. “కళ్యాణీ, నా మాట విను. ఆడనే ఆగు. వెనక్కి తిరిగి మంది ఉన్న కాడికి పో. నేనొస్తున్న.”

“ఎందుకక్కా? నాకు కనబడ్తనే ఉన్నడు. అటు మొఖం పెట్టి నిలబడ్డడు. మేం దీవిల కొన్న చిలుకల అంగీ తొడుక్కున్నడు, నేనే ఏరిన.” ఆమె ఫోను కాస్త పక్కకు జరిపినట్టుంది. దూరానికి పిలుస్తున్న గొంతు. “ఏమయ్యా, గిటు చూడు.”

ముందే కిందికి ఉరికిన నాగరాజు జీపు స్టార్టు చేసి తలుపు తెరిచి పట్టుకున్నాడు. జంపక్క ఎక్కింది. ఫోనులో గాలి, చెప్పుల చప్పుడు. చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

“అన్నా, నువ్వెవలివి?” అంది కళ్యాణి. “మా ఆయన అంగీ నీ ఒంటి మీదికెట్లొచ్చింది?”

అవతల ఒక మగగొంతు, తొందరేమీ లేకుండా, సొంత చెల్లెలితో మాట్లాడినట్టే మాట్లాడింది.

“ముందుగాల ఆ ఫోనిటియ్యి చెల్లె. మీ ఆయన బతికి రావాలె గద.”